వృద్ధుల వైద్యం: వ్యయమూ, నాణ్యతా

(మన పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో పూర్వవిద్యార్థి అయిన ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇంతటి పండుగనాడు ఆసుపత్రి సంగతి మాట్లాడటం ఉచితమేనా అని మీలో కొందరికి సందేహం కలగవచ్చు. నాకూ కలిగింది. అయితే ఈ సభను ఒక్కసారి కలయజూడండి. తొలి సంవత్సరాల్లో ఈ బడిలో అక్షరాలు దిద్దినవారు నేడు ఎనభయ్యవ పడిలో మన ముందు కూర్చున్నారు. బడికి 75 ఏళ్ళు నిండటం మహోత్సవం. మనిషికి 75 నిండిన తరువాత ఆసుపత్రి మెట్లెక్కవలసి రావటం ఇంటిల్లిపాదికీ పరీక్ష. ఆ పరీక్షకు మనలో ఎవరమూ పాఠం చదువుకోలేదు. అందుచేత నాకిచ్చిన ఈ కొద్ది సమయాన్ని ఆ పాఠానికే వినియోగిస్తాను.

"కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేము" అన్న సామెతను మా తెలుగు మాస్టారు ఇదే బడిలో మా చేత పలకల మీద పదేపదే రాయించారు. ఆ సామెత పడుచువాళ్ళ కోసం పుట్టింది కాబోలు. వార్ధక్యంలో కాలు జారినా తీసుకోవటం కష్టమని నాకు తెలిసింది ఆ మాస్టారి వల్లనే. వారి పేరు నేను చెప్పను. చెప్పకపోయినా మీలో పలువురు గుర్తుపడతారని నాకు తెలుసు.

అది 1996వ సంవత్సరం. పదవీ విరమణ చేసి పద్నాలుగేళ్ళయిన మాస్టారు స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆనాడు నేనొక నగరంలోని పెద్ద ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. "మనవాడున్నాడు కదా" అనే భరోసాతో వారి కుమారులు మాస్టారిని అక్కడికే తీసుకువచ్చారు. రక్తపోటు సర్దుకోవాలనీ, పరీక్షలు పూర్తికావాలనీ నాలుగు రోజులు ఆగి శస్త్రచికిత్స చేశారు. అది చక్కగా జరిగింది. ఎక్స్‌రే చూసి అందరమూ సంతోషించాము. "ఇక విశ్రాంతి తీసుకోండి మాస్టారూ, కదలవద్దు" అని చెప్పినవాణ్ణి నేనే.

రెండవ రాత్రి మాస్టారికి మనసు చెదిరింది. కళ్ళజోడు, చెవిలో పెట్టుకునే వినికిడి యంత్రం భద్రంగా ఉంటాయని ఇంటివారు సంచిలో కట్టి తీసుకుపోయారు. చుట్టూ ఉన్నవారి ముఖాలు కనబడవు, మాటలు వినబడవు, పగలేదో రాత్రేదో తెలియదు. తెలుగు, కన్నడం, తమిళం, ఇంగ్లీషు నాలుగూ ధారాళంగా మాట్లాడగలిగిన మనిషి ఆ రాత్రి తెలుగు తప్ప మరొకటి మాట్లాడలేకపోయారు. "బడి గంట కొట్టారా?" అని మళ్ళీ మళ్ళీ అడిగారట. డ్యూటీలో ఉన్న నర్సుకు ఆ భాష రాదు. మంచం దిగబోతున్నారని, సెలైన్ సూది పీకేస్తున్నారని చేతులు మంచానికి కట్టి, నిద్ర ఇంజెక్షన్ ఇచ్చారు. మగత నిద్రలో మింగుడు సరిగా పడక ఊపిరితిత్తులకు చీము పట్టింది. మూత్రపు గొట్టం వల్ల జ్వరం వచ్చింది. వారం తిరిగేసరికి నడుము మీద పడకపుండు లేచింది. ఇంటికి పంపేసరికి ఇరవై ఆరు రోజులయ్యాయి. ఆ తరువాత వారు బ్రతికిన పదకొండు నెలలూ మంచం దిగలేదు.

ఆ రోజుల్లో మాస్టారి మాట విన్నవారు ఒక్కరే. హోసూరు వైపు నుంచి వచ్చి ఆ వార్డులో పనిచేస్తున్న ఒక ఆయా. ఒక తెల్లవారుజామున "గంట ఇంకా కొట్టలేదు సార్, లేచి కూర్చోండి, మంచినీళ్ళు తాగండి" అన్నదట. మాస్టారు బుద్ధిగా లేచి కూర్చుని నీళ్ళు తాగారట. ఆ సంగతి నాకు చాలాకాలం తరువాత తెలిసింది. నలుగురు డాక్టర్లకు తోచని వైద్యం ఆమెకు తోచింది.

ఆ బిల్లును తరువాత ఒకనాడు నేను శ్రద్ధగా చదివాను. శస్త్రచికిత్సకు, ఎముకలో అమర్చిన లోహానికి అయినది మొత్తంలో మూడవ వంతుకు మించలేదు. తక్కిన రెండు వంతులూ మంచం అద్దెకు, ఊపిరితిత్తుల జ్వరానికి, మూత్రపు జ్వరానికి, పుండుకు, వాటి పరీక్షలకు అయినవే. అంటే మాస్టారు తెచ్చుకున్న జబ్బుకు ఒక వంతు, ఆసుపత్రిలో మేము తెచ్చిపెట్టిన జబ్బులకు రెండు వంతులు. పదవీ విరమణనాడు చేతికందిన సొమ్ములో మిగిలినదంతా అలా కరిగిపోయింది. ఎవరూ మోసం చేయలేదు. ఎవరూ పని ఎగవేయలేదు. అందరమూ మాకు తెలిసిన వైద్యమే చేశాము. మాకు తెలియనిది వృద్ధుడి శరీరధర్మం.

సభాసదులారా, ఈ ఒక్క మాట మీ మనసుల్లో నిలిస్తే నా ప్రసంగం సార్థకమైనట్టే: వృద్ధ రోగి విషయంలో మంచి వైద్యమూ, చవక వైద్యమూ చాలావరకు ఒక్కటే. నాణ్యత పెంచితే ఖర్చు పెరుగుతుందని, ఖర్చు తగ్గిస్తే నాణ్యత పోతుందని లోకంలో ఒక నమ్మకం. యంత్రాలతో, శస్త్రచికిత్సలతో ముడిపడిన వైద్యంలో అది కొంత నిజం కావచ్చు. వృద్ధుల వైద్యంలో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు మందు కాదు, యంత్రం కాదు. ఊరికే పడుకున్న ఒక రోజు.

ఎందుచేతనంటారా? అమెరికాలో 2007లో ప్రచురితమైన ఒక పరిశోధనలో సగటున 67 ఏళ్ళ వయసు గల పన్నెండుమంది ఆరోగ్యవంతులను పది రోజులపాటు మంచం మీద ఉంచి చూశారు. జబ్బేమీ లేకుండా, సరిపడా తింటూ ఉన్నా, ఆ పది రోజుల్లో వారి కాళ్ళ నుంచి సుమారు ఒక కిలో కండ కరిగిపోయింది. మరి జ్వరంతో, నొప్పితో, ఆకలి లేకుండా పడి ఉన్న ఎనభై ఏళ్ళ మనిషి సంగతి ఏమిటి? పడుచువాడికి విశ్రాంతి ఔషధం. వృద్ధుడికి మోతాదు మించిన విశ్రాంతి విషం.

ఈ సత్యాన్ని తొలుత కనుగొన్నది ఇంగ్లండులో మార్జరీ వారెన్ అనే వైద్యురాలు. 1935లో లండన్ పశ్చిమ ప్రాంతంలోని ఒక ఆసుపత్రికి పక్కనున్న పేదల వైద్యశాలను ఆమెకు అప్పగించారు. అక్కడ ఏడువందలకు పైగా రోగులు. పలువురు ఏళ్ళ తరబడి మంచాన పడి ఉన్న వృద్ధులు. వారిని "నయంకానివారు" అని వదిలివేశారు. ఆమె ఒక్కొక్కరినీ పరీక్షించింది. ఎవరికి ఏ లోపముందో విడదీసి చూసింది. గోడలకు వెలుతురునిచ్చే రంగులు వేయించింది, మంచాల ఎత్తు సరిచేయించింది, లేవగలిగినవారిని లేపింది, నడవగలిగినవారిని నడిపించింది. చాలామంది ఇళ్ళకు తిరిగివెళ్ళారు. మంచాలు ఖాళీ అయ్యాయి. అదే నేటి వృద్ధ వైద్యశాస్త్రానికి పునాది.

తరువాతి పరిశోధనలు ఆమె చేసినదానికి లెక్కలు కట్టాయి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన షారన్ ఇనోయే బృందం 70 ఏళ్ళు నిండిన 852మంది రోగులపై జరిపి 1999లో ప్రచురించిన అధ్యయనం నాకు కనువిప్పు. ఆసుపత్రిలో వృద్ధులకు హఠాత్తుగా మనసు చెదిరే స్థితిని వైద్యులు డెలీరియం అంటారు. మన పెద్దలు సన్నిపాతమనేవారు. మాస్టారికి వచ్చినది అదే. ఆ బృందం చేసిన పనులు వినండి. రోగికి కళ్ళజోడు, వినికిడి యంత్రం అందించటం. రోజుకు మూడుసార్లు లేపి నడిపించటం. వేళకు నీళ్ళు తాగించటం. ఈ రోజు ఏ వారమో, తానెక్కడున్నాడో చెబుతూ మాట్లాడటం. రాత్రి నిద్రమాత్రకు బదులు వెచ్చని పాలు, వీపు మీద మెల్లగా నిమరటం. ఈ పనులలో చాలావాటిని చేసినవారు తర్ఫీదు పొందిన స్వచ్ఛంద సేవకులు. మామూలు వైద్యం పొందినవారిలో నూటికి 15 మందికి డెలీరియం రాగా, ఈ సేవలు పొందినవారిలో నూటికి 9.9 మందికి వచ్చింది. అదే అధ్యయనం మరొక హెచ్చరిక కూడా చేసింది: డెలీరియం ఒకసారి మొదలైన తరువాత ఈ పనుల వల్ల దాని తీవ్రత తగ్గలేదు. అంటే రాకముందు కాపాడుకోవాలే గాని వచ్చాక పరుగులెత్తి ప్రయోజనం తక్కువ.

ఖర్చు మాటేమిటని మీరు అడుగుతారు. వృద్ధుల కోసం ప్రత్యేకంగా ఏర్పాటుచేసిన వార్డును మామూలు వార్డులతో పోల్చి అమెరికాలో 1,632మంది రోగులపై చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. ప్రత్యేక వార్డులో సగటున 6.7 రోజులు, మామూలు వార్డులో 7.3 రోజులు ఉన్నారు. ఒక్కొక్క రోగికి సుమారు 970 డాలర్లు తక్కువ ఖర్చయింది. రోగి సామర్థ్యం మాత్రం తగ్గలేదు. 2017లో తొమ్మిది దేశాలలోని 29 పరిశోధనలను, పదమూడు వేలకు పైబడిన రోగులను కలిపి చేసిన సమీక్షలో, వృద్ధులను సమగ్రంగా పరీక్షించి చికిత్స చేసినచోట వారు కొన్ని నెలల తరువాత కూడా జీవించి తమ ఇంట్లోనే ఉండే అవకాశం ఎక్కువని తేలింది. వృద్ధుడు కోరేది అదే కదా! ఇంకెన్నాళ్ళు బ్రతుకుతానన్న ప్రశ్న కన్నా, నా ఇంటి అరుగు మీద మళ్ళీ కూర్చుంటానా అన్నదే వారి ప్రశ్న.

మన దేశంలో ఈ విద్య ఎక్కడో దూరాన లేదు. మనమున్న ఈ తమిళనాట, మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో 1978లోనే వృద్ధులకు ప్రత్యేక వైద్యసేవ ఆరంభమైంది. డాక్టర్ వి.ఎస్. నటరాజన్ గారు దానికి ఆద్యులు. 1988లో అక్కడ వార్డు ఏర్పడింది. 1996లో, సరిగ్గా మాస్టారు మంచాన పడిన సంవత్సరమే, మద్రాసు వైద్య కళాశాలలో ఈ శాస్త్రంలో ఎం.డి. చదువు మొదలైంది. 2024లో చెన్నై గిండీలో 200 పడకల జాతీయ వృద్ధాప్య వైద్య కేంద్రం ప్రారంభమైంది. 2010-11లో కేంద్రప్రభుత్వం ఆరంభించిన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం జిల్లా ఆసుపత్రిలో పది పడకల వృద్ధుల వార్డు ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంక్షేమ చట్టం ప్రభుత్వ ఆసుపత్రులలో వృద్ధులకు వేరే వరుస ఉండాలని చెబుతున్నది. ఇవి దయాధర్మాలు కావు, హక్కులు. అడిగేవారుంటేనే హక్కు నడుస్తుంది.

ఇక సొమ్ము విషయం. 2024 అక్టోబరు 29న 70 ఏళ్ళు నిండిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ పథకాన్ని విస్తరించారు. ఏడాదికి కుటుంబానికి అయిదు లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు ఇందులో వస్తుంది. ఇది గొప్ప ఊరట. అయితే దీనిలో ఒక మెలిక ఉన్నది. బీమా సొమ్ము రోగి ఆసుపత్రిలో చేరినప్పుడు కదులుతుంది. చేరకముందు మూడు రోజులకు, ఇంటికి వెళ్ళిన తరువాత పదిహేను రోజులకు మాత్రమే ఖర్చు భరిస్తుంది. స్నానాలగదిలో గోడకు బిగించవలసిన పట్టుకమ్మీకి, కొత్త కళ్ళజోడుకు, నెలల తరబడి ఇంట్లో చేయించవలసిన వ్యాయామానికి అది రాదు. పడిపోయిన తరువాత లక్షలు దొరుకుతాయి. పడకుండా కాపాడే కొన్ని వందలు మనమే వెతుక్కోవాలి. ఈ లోటును కొంత పూడ్చే "మక్కళై తేడి మరుత్తువం" అనే ఇంటివద్ద వైద్య పథకాన్ని 2021 ఆగస్టు 5న రాష్ట్ర ప్రభుత్వం ఆరంభించినది మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే. రక్తపోటు, మధుమేహం మందులు, ఇంట్లో ఫిజియోథెరపీ అందులో అందుతాయి. మన ఇళ్ళలో ఎంతమంది దానిని వాడుకుంటున్నారో ఆలోచించండి.

2019లో మా అమ్మ కాలు జారింది. ఆమెకప్పుడు 81 ఏళ్ళు. విరిగినది అదే తుంటి. మాస్టారి దగ్గర నేర్చిన పాఠాన్ని ఈసారి తప్పు లేకుండా అప్పజెప్పాలనుకున్నాను. తుంటి విరిగినవారికి చేరిన రోజునగాని మరునాడుగాని శస్త్రచికిత్స చేయాలనీ, చేసిన మరునాడే లేపి నిలబెట్టాలనీ బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. అక్కడి వైద్యులు నా మాట మన్నించి మరునాడే శస్త్రచికిత్స చేశారు. ఆ మరునాడు అమ్మను నిలబెట్టారు. నొప్పికి వేళ తప్పకుండా మందిచ్చారు. మూత్రపు గొట్టం రెండవ రోజే తీసివేశారు. మా చెల్లెలు పగలంతా పక్కన కూర్చుని ఊరి కబుర్లు చెప్పింది. కళ్ళజోడు దిండు పక్కనే ఉంది. ఒక రాత్రి అమ్మ కాస్త తికమకపడి "పాలవాడు వచ్చాడా?" అన్నది. చెల్లెలు దీపం వేసి, గడియారం చూపి, "ఇంకా రెండు గంటలేనమ్మా, ఆసుపత్రిలో ఉన్నాము" అన్నది. అమ్మ పడుకున్నది. ఆరవ రోజున వాకర్ పట్టుకుని తన కాళ్ళతో మా గడప దాటింది. అమ్మకు దొరికినది గొప్ప ఆసుపత్రి కాదు, చిన్న ఊరి ఆసుపత్రి. దొరికిన వైద్యం గొప్పది. ఆనాడు మాస్టారికి ఇవ్వలేనిదేదీ అందులో లేదు. ఆ తలపు వచ్చినప్పుడల్లా నాకు సిగ్గు వేస్తుంది.

పెద్దలను ఆసుపత్రికి తీసుకువెళ్ళే బిడ్డలకు కొన్ని విన్నపాలు చేస్తాను. ఇంట్లో ఉన్న మందులన్నిటినీ, ఆకు మందులు, నిద్రమాత్రలతో సహా, ఒక సంచిలో వేసి తీసుకువెళ్ళండి. ఏది అవసరం, ఏది అనవసరమని వైద్యుని అడగండి. వృద్ధుల జబ్బుల్లో కొన్ని మందుల వల్ల పుట్టినవే. కాని అడగకుండా మీ అంతట మీరు ఏదీ మాన్పించవద్దు. కళ్ళజోడు, వినికిడి యంత్రం, పళ్ళసెట్టు, చేతికర్ర వారి దగ్గరే ఉంచండి. జబ్బుకు ముందు వారు నడిచేవారా, తమ పని తాము చేసుకునేవారా, మాట స్పష్టంగా ఉండేదా అన్నది వైద్యునికి మీరే చెప్పాలి. లేకపోతే నిన్న వచ్చిన తికమకను "ముసలితనం" అని కొట్టిపారేస్తారు. "ఈ రోజు ఎంతసేపు నడిపించారు?" అని రోజూ అడగండి. గొట్టం పెట్టినరోజే "ఎప్పుడు తీస్తారు?" అని అడగండి. చేర్చిన మొదటిరోజునుంచే ఇంటికి వెళ్ళాక ఎవరు చూసుకుంటారు, మంచం ఎక్కడ వేయాలి, మరుగుదొడ్డి ఎలా సర్దాలి అని ఆలోచించండి. ఈ ఏర్పాటు లేక ఆసుపత్రిలో గడిచే ప్రతిరోజూ డబ్బూ పోతుంది, బలమూ పోతుంది.

మరొక మాట కఠినమైనదైనా చెప్పక తప్పదు. కొన్ని జబ్బులు నయం కావు. అప్పుడు "ఉన్నదంతా అమ్మయినా సరే, చేయగలిగినదంతా చేయండి" అనటమే పితృభక్తి అనుకోవద్దు. ఏం కావాలో వారినే, వారు మాట్లాడగలిగినప్పుడే, అడిగి తెలుసుకోండి. నా అనుభవంలో చాలామంది కోరినవి మూడే: నొప్పి లేకపోవటం, తమవారు దగ్గరుండటం, తమ భాష వినబడటం.

ఆ మూడవది ఈ బడి ఇవ్వగలిగినది. మనం తరతరాలుగా ఈ నేల మీద ఉన్న తెలుగువారం. తమిళంలో బేరమాడతాము, కన్నడంలో నవ్వుతాము, ఇంటికి వచ్చి తెలుగులో కన్నీరు పెడతాము. జ్వరంలో, భయంలో, మత్తులో మనిషికి మిగిలేది తల్లిభాష. ఈ బడిలో చదివి నర్సులైనవారు, మందుల దుకాణం నడుపుతున్నవారు, పదవీ విరమణ చేసి తీరికగా ఉన్నవారు ఈ సభలో ఎందరో ఉన్నారు. వారిలో పదిమంది ముందుకు వస్తే చాలు. మన ప్రాంతపు ఆసుపత్రులలో చేరిన వృద్ధుల పక్కన, ఆసుపత్రివారి అనుమతితో, రోజుకు రెండు గంటలు కూర్చుందాం. కళ్ళజోడు తుడిచి పెడదాం. నీళ్ళు తాగిద్దాం. నర్సమ్మ అనుమతిస్తే వరండా చివరిదాకా నడిపిద్దాం. వారు తెలుగువారైతే తెలుగులో, తమిళులైతే తమిళంలో, కన్నడిగులైతే కన్నడంలో మాట్లాడదాం. మూడు భాషల నడుమ పెరగటం మనకు భారమని ఇన్నాళ్ళూ అనుకున్నాము. వార్డులో అది వరమవుతుంది. తర్ఫీదు ఇచ్చే బాధ్యత నాది. పేర్లు ప్రధానోపాధ్యాయుల కార్యాలయంలో ఇవ్వవచ్చు. మొదటి పేరు నేను ఈ ఉదయమే రాసివచ్చాను.

నేటి సభలో ఎన్నో జ్ఞాపికలు ఆవిష్కరిస్తున్నాము. మాస్టారికి నేను సమర్పించగలిగినది ఇది ఒక్కటే. ఏదో ఒక వార్డులో, ఏదో ఒక రాత్రి, ఒక వృద్ధుడు తన భాషలో ఏదో అడిగితే, జవాబు చెప్పటానికి మన బడి పిల్లవాడు ఒకడు పక్కన ఉండాలి.